అద్దె సైకిలుకు రోజుకో రూపాయి – రహీం సాబ్ జీవితం



మన అనంతగిరి గుట్టల్లో సన్నని పాయగా పుట్టే మూసీ, హైదరాబాద్ చేరేసరికి నది అవుతుంది. ఆ నది ఒడ్డున చాదర్‌ఘాట్ అనే ప్రాంతం ఉంది. అక్కడి హైస్కూల్లో ఒకప్పుడు ఒక మాస్టారు పనిచేశారు. పిల్లలకు పాఠాలు చెప్పారు, ఆటలు నేర్పారు. ఆ మాస్టారే తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం సాధించి పెట్టారు. ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానం దాకా తీసుకుపోయారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ ఆటగాళ్ళకు ఆయన రహీం సాబ్.

క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు మనలో ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చు. వాళ్ళు ఏ సంవత్సరంలో ఎన్ని పరుగులు చేశారో కూడా చెప్పగలం. మన ఊరి నది పారే దారిలోనే పుట్టి పెరిగిన ఈ మహనీయుని పేరు మాత్రం చాలామందికి 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చిన తర్వాతే తెలిసింది. అందులో అజయ్ దేవగణ్ ఆయన పాత్ర ధరించారు. సినిమా చూసినవాళ్ళకు పతకాల కథ తెలిసే ఉంటుంది. మేము ఇక్కడ చెప్పదలచుకున్నది అంతకంటే వెనుకటి సంగతి. ఎవరూ పట్టించుకోని పిల్లవాడిలో ఆటగాణ్ణి చూసిన ఒక ఉపాధ్యాయుని గురించి, చూసి మెచ్చుకొని ఊరుకోకుండా ఆ పిల్లవాడి దారిలో ఉన్న అడ్డంకిని తీసివేసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాం.

చదువు – ఆట – బడి

1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాద్ నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ మరుసటి సంవత్సరం, అంటే 1909 ఆగస్టు 17న, రహీం హైదరాబాద్‌లో జన్మించారు. అప్పుడు నగరం నిజాం పాలనలో ఉండేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. రహీం అక్కడే పట్టభద్రుడయ్యారు. అక్కడి విద్యార్థుల లెవెన్ హంటర్స్ అనే జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత ఖమర్ క్లబ్ తరఫున ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు.

అయితే ఆయన బతుకుతెరువు ఆట కాదు. ఆనాడు ఫుట్‌బాల్ ఆడితే కడుపు నిండేది కాదు. ఆయన బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పూర్తి చేసి బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు.

ఈ విషయాన్ని మేము ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, రహీం సాబ్ తర్వాత సాధించిన ప్రతి విజయం వెనుక ఈ బడిపంతులే ఉన్నాడు. తరగతిలో 50 మంది కూర్చుంటే మంచి మాస్టారు 50 మందినీ ఒకేలా చూడడు. ఎవరికి ఎక్కడ అర్థం కావడం లేదో పోల్చుకుంటాడు. ఎవడు తెలిసినా చెయ్యెత్తడో, ఎవడు తెలియకపోయినా తల ఊపుతాడో ఆయనకు తెలుస్తుంది. రహీం సాబ్ మైదానాన్ని కూడా ఒక తరగతి గది లాగే చూశారు.

ఎడమ కాలి పోటీలు

1940ల మొదట్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. కార్యదర్శి అంటే సభలు పెట్టి, దండలు వేయించుకునే పదవి అని మనం అనుకుంటాం. ఆయన ఆ పదవిని పిల్లలకు ఆట నేర్పే పనిముట్టుగా వాడుకున్నారు.

అప్పటి కుర్రవాళ్ళలో ఒక లోపం ఉండేది. బంతి దొరికితే చాలు, దాన్ని వదలకుండా ఒక్కడే ఇద్దరినీ ముగ్గురినీ తప్పించుకుంటూ పోవాలని చూసేవారు. దీన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు కాబట్టి ఆడేవాడికీ అదే గొప్ప. కాని అంతలో అవతలి జట్టు సర్దుకుంటుంది, పక్కన ఖాళీగా ఉన్న మనవాడు అలాగే నిలబడిపోతాడు. రహీం సాబ్ ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నిబంధనతోనే పోటీలు పెట్టారు. బంతి రాగానే పక్కవాడికి అందించి తాను ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. అట్లా ఆడక తప్పని పరిస్థితి కల్పించేసరికి పాస్ ఇవ్వడం, వేగంగా కదలడం పిల్లలకు అలవాటైపోయింది.

మరొక లోపం, కుడికాలు వాటం ఉన్నవాడు అన్నిటికీ కుడికాలే వాడడం. బంతి ఎడమ వైపు వస్తే దాన్ని కుడి వైపు తెచ్చుకొని తన్నేవాడు. ఆ ఒక్క క్షణం చాలు అవతలివాడు అడ్డం రావడానికి. దీనికీ ఆయన ఒక పోటీ పెట్టారు. అందులో బలహీనమైన కాలితోనే ఆడాలి. మొదట్లో చూసేవాళ్ళకు నవ్వు వచ్చే ఉంటుంది. పెద్ద ఆటగాళ్ళు కూడా అందులో చిన్నపిల్లల్లాగా తడబడక తప్పదు. కాని అక్కడ అందరూ తడబడేవారే. ఒకరిని చూసి ఒకరు సిగ్గుపడే పని లేదు. అందులోనే ఆ పద్ధతి గొప్పతనం ఉందని మాకు అనిపిస్తుంది.

తమ్ముళ్ళారా, ఈ ఎడమ కాలి మాట మనకు బాగా అర్థమవుతుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అనేది మాతోనే మొదలైంది. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మనలో చాలామందికి ఇంగ్లిష్ ఒక ఎడమ కాలు, లెక్కలు ఇంకొక ఎడమ కాలు. బంతి అటు రాకుండా చూసుకుంటూ పదో తరగతి దాటుతాం, ఇంటర్ దాటుతాం. పెద్ద మైదానంలోకి వెళ్ళాక మాత్రం బంతి అటే వస్తుంది. అందరూ ఒకేసారి తడబడే చోట, ఎవరూ నవ్వని చోట, ఆ కాలితోనే ఆడే అవకాశం మనకు చిన్నప్పుడే దొరకాలి. వారానికి ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో అందరూ తప్పొప్పులతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటే అది రహీం సాబ్ పెట్టిన పోటీ వంటిదే అవుతుంది. దానికి ఖర్చు కూడా లేదు.

సిటీ పోలీస్ జట్టు

1950లో రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకు పేరూ డబ్బూ రెండూ ఉండేవి. ఆటలో రాణించినవాణ్ణి ఎక్కడున్నా అక్కడికి పిలిపించుకునేవారు. సిటీ పోలీస్ జట్టులో ఉన్నది డ్యూటీ చేస్తూ, జీతం మీద బతుకుతూ ఆడే పోలీసులు.

ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు గెలుచుకుంది. కొన్నేళ్ళు ఆగిపోయిన డ్యూరాండ్ కప్పును 1950లో తిరిగి ప్రారంభిస్తే, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దాన్నీ గెలిచింది. రహీం సాబ్ కాలంలో మొత్తం నాలుగుసార్లు డ్యూరాండ్ కప్పు హైదరాబాద్ పోలీసుల చేతికి వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలోనూ 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా హైదరాబాద్ జట్టే విజేత.

ఇది ఎలా సాధ్యమైంది? మంచి ఆటగాళ్ళను కొనుక్కునే స్తోమత లేని జట్టుకు ఒకే దారి ఉంటుంది. ఆటగాళ్ళను తయారు చేసుకోవాలి. తయారు చేసుకోవాలంటే ముందు వెతకాలి. రహీం సాబ్ బడి పోటీలు చూసేవారు, చిన్న క్లబ్బుల మ్యాచ్‌లు చూసేవారు. విదేశాల్లో పెద్ద క్లబ్బులకు ఇప్పుడు స్కౌట్లు అని ప్రత్యేకంగా ఉద్యోగులు ఉంటారు. ఊరూరా తిరిగి, ఆడే పిల్లల్లో మెరికలను పోల్చుకోవడమే వాళ్ళ పని. మన హైదరాబాద్‌లో 70 ఏళ్ళ క్రితం శిక్షణతో పాటు ఆ పని కూడా ఒక మాస్టారు చేశారు.

అమ్ముగూడ కుర్రవాడు

ఇక మా దృష్టిలో ఈ జీవితం మొత్తంలో ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాం.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. పేద కుటుంబం. బూట్లు కొనుక్కునే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే ఆయనతో బాగు చేయించుకొని ఆడాడని చెబుతారు. 1950ల మధ్యలో రహీం సాబ్ అతని ఆట చూశారు. బంతి మీద అతని అదుపు చూశారు. హైదరాబాద్ జట్టు శిక్షణకు రమ్మన్నారు.

పిలుపు వచ్చింది, కాని వెళ్ళేది ఎట్లా? అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు రోజూ రానుపోను ఖర్చు ఆ ఇల్లు మోయలేదు. ఎంతోమంది జీవితాల్లో కథ సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. సీటు వస్తుంది, బస్సు చార్జీ ఉండదు. హాల్ టికెట్ వస్తుంది, పరీక్ష రాసే ఊళ్ళో రాత్రి పడుకునే చోటు ఉండదు. పిలిచిన పెద్దమనిషి, ఆ అబ్బాయికి ఆసక్తి లేదు కాబట్టి రాలేదు అనుకుంటాడు. అబ్బాయి ఇంటి దగ్గర ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుంటాడు.

రహీం సాబ్ అట్లా అనుకోలేదు. కారణం కనుక్కున్నారు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని, ఆ అద్దె కోసం రోజుకు ఒక రూపాయి ఇచ్చారు. బలరాం అద్దె సైకిలు తొక్కుకుంటూ శిక్షణకు వచ్చాడు. 1956లో సంతోష్ ట్రోఫీ ఆడే హైదరాబాద్ జట్టులో ఉన్నాడు. అదే సంవత్సరం చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులోనూ ఉన్నాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం సాధించిన జట్టులో ఆడాడు. ఆ ఏటి అర్జున అవార్డు అందుకున్నాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులుగా చెప్పుకుంటారు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ప్రతిభ ఉన్నవాడు ఎట్లాగైనా పైకి వస్తాడు అని చాలామంది అంటారు. వినడానికి ధైర్యంగా ఉంటుంది. మేము మాత్రం దాన్ని ఒప్పుకోలేకపోతున్నాం. బలరాం కాళ్ళలో ప్రతిభ రహీం సాబ్ చూడకముందు నుంచే ఉంది. అమ్ముగూడ నుంచి మైదానానికి అతన్ని చేర్చింది ఆ ప్రతిభ ఒక్కటే కాదు, ఆ రూపాయి కూడా. ఆ రూపాయి దొరకని బలరాంలు ఎంతమంది ఉన్నారో ఏ రికార్డులోనూ ఉండదు.

ఓటమి నేర్పిన పాఠం

భారత జట్టు శిక్షకుడిగా రహీం సాబ్ తొలి పెద్ద విజయం 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వచ్చింది. శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మనకు బంగారు పతకం దక్కింది.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. బూట్లు లేక కాదు, వట్టి కాళ్ళతో ఆడడం వాళ్ళకు అలవాటు. మన ఎండ నేల మీద అది చెల్లింది. చలి దేశపు తడి గడ్డి మీద, బూట్లు తొడుక్కున్న బలమైన ఆటగాళ్ళ ముందు చెల్లలేదు. ఆ ఓటమి తర్వాతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

పది గోల్స్ తిన్న జట్టు శిక్షకుడు తల దించుకొని ఇంటికి పోవచ్చు. రహీం సాబ్ ఆ ఓటమిలో పాఠం వెతికారు. ప్రపంచంలో ఎవరు ఎట్లా ఆడుతున్నారో గమనించారు. అప్పట్లో మన దేశంలో ఎక్కువగా ఇద్దరు వెనుక, ముగ్గురు మధ్యలో, ఐదుగురు ముందు నిలబడే పాత పద్ధతి నడిచేది. 1953 నవంబరులో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను వాళ్ళ సొంత గడ్డ వెంబ్లీలో 6-3తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడాడు. అతన్ని కాపలా కాయవలసిన డిఫెండర్‌కు ఏం చేయాలో తోచలేదు. వెంట పోతే వెనుక ఖాళీ అవుతుంది, పోకపోతే హిదెగ్‌కుటి చేతిలో బంతి ఆట ఆడుతుంది.

ఈ ఎత్తుగడను రహీం సాబ్ మన జట్టుకు నేర్పారు. తర్వాత నలుగురు వెనుక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే పద్ధతికి జట్టును మళ్ళించారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు లోకమంతా మెచ్చుకున్నది ఆ పద్ధతినే. టీవీ లేని కాలంలో, విదేశీ మ్యాచ్ చూడడమే అరుదైన కాలంలో, హైదరాబాద్‌లో కూర్చొని ఒక మాస్టారు ప్రపంచంతో సమానంగా ఆలోచించారు.

ఆ పాఠం ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. నెవిల్ గోల్‌తో మొదట మనమే ఆధిక్యంలోకి వెళ్ళాం, చివరికి 4-1తో ఓడిపోయాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం వంటి మన హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రవాళ్ళు ఉన్నారు. నాలుగేళ్ళ క్రితం 10-1, ఇప్పుడు అదే జట్టు మీద 4-1. సప్లిమెంటరీ రాసే తమ్ముళ్ళు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలని మా కోరిక.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు కఠినమైన గ్రూపులో పడింది. హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచింది. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. తండ్రే శిక్షకుడైనా ఆయనకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. హకీం గారు తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా, ఫిఫా రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకొని 2021లో మరణించారు.

జకార్తాలో చివరి పరీక్ష

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఆ ఒంటితోనే జట్టును తీసుకొని వెళ్ళారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచి సెమీస్ చేరాం. కాని థాయ్‌లాండ్ మ్యాచ్‌లో మన వెనుక వరుసకు కొండంత అండ అయిన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే శిక్షకుడైతే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ అతన్ని వెనుక నుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. వెనుక భారం అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. అందులో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు.

ఈలోగా మైదానం బయట వాతావరణం చెడింది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అట్లాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని భారతీయ క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్ రోజు స్టేడియంలో సుమారు లక్ష మంది. దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరిచేవాళ్ళే. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా. ఆ లక్ష మందిలో మన వైపు నిలబడి కేకలు వేసిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు.

అంతవరకు ఆడిన గోల్‌కీపర్ ప్రద్యుత్ బర్మన్ స్థానంలో రహీం సాబ్ ఆ రోజు సికింద్రాబాద్‌లో ఆడుతూ పెరిగిన పొడగరి పీటర్ తంగరాజ్‌ను దింపారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో తలకు కట్టుతో ఉన్న జర్నైల్ రెండో గోల్ కొట్టాడు. కొరియా చివర్లో ఒక గోల్ చేయగలిగింది. 2-1తో చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు బంగారు పతకం గెలిచింది.

ఆ తర్వాత సంవత్సరం కూడా గడవలేదు. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఆయన పోయాక

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చింది. అప్పుడు కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత ఏ పతకమూ లేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్ళు.

ఒక మనిషి పోతే ఒక దేశపు ఆట ఎందుకు తగ్గిపోయింది అని మేము ఆలోచించాం. కారణాలు చాలా ఉంటాయి. తక్కిన ఆసియా దేశాలు ముందుకు పోయాయి, మన దగ్గర క్రికెట్ మోజు పెరిగింది. కాని మాకు తోచిన ఒక కారణం ఉంది. ఎత్తుగడలు పుస్తకాల్లో దొరుకుతాయి, శిక్షకుణ్ణి విదేశం నుంచి తెచ్చుకోవచ్చు. బడి పోటీలకు పోయి, ఎండలో నిలబడి, బూట్లు లేని పిల్లవాడి ఆట గమనించి, వాడు రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కునే మనిషిని మాత్రం అట్లా తెచ్చుకోలేం. వాళ్ళ మధ్య ఉన్నవాడే ఆ పని చేయగలడు.

అందుకే ఈ వ్యాసం చివర మా మాట తమ్ముళ్ళ కంటే ముందు అన్నలకు. మనం ఈ హాస్టల్ గదుల్లో ఒకే ట్రంకు పెట్టెను బల్లగా చేసుకొని చదివినవాళ్ళం. ఏ నెలలో ఇంటి నుంచి డబ్బు రాదో, ఏ దరఖాస్తు ఫీజు కట్టలేక వదిలేస్తారో మనకు తెలుసు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వేదిక మీద మాట్లాడడంతో పాటు, ఒక్కొక్కరం ఒక్క తమ్ముణ్ణి పక్కకు పిలిచి ఏ పరీక్షకు దరఖాస్తు చేశావు, ఎందుకు చేయలేదు అని అడుగుదాం. ఆ ఎందుకు అనే ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మన ఒక రోజు ఖర్చు కంటే చిన్నది.

తమ్ముళ్ళకు చెప్పేది ఒక్కటే. పిలుపు వచ్చి వెళ్ళలేని పరిస్థితి ఉంటే మనసులో పెట్టుకోకండి. వార్డెన్ గారికి చెప్పండి, మాస్టార్లకు చెప్పండి, మాకు చెప్పండి. అద్దె సైకిలు మీద వచ్చిన అమ్ముగూడ కుర్రవాడు రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. ఆ రూపాయి తీసుకున్నందుకు ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.